తిరగేసిన మండె

మా చిన్నాయన మాలకొండయ్యను పోలీసులకు పట్టించింది నేను. అంతమంది మగవాళ్ళ మధ్య నిలబడి ఒక్క మాట అన్నాను, అంతే. పదహారేళ్ళు వచ్చినా అంతకుముందు నేను నలుగురిలో గట్టిగా మాట్లాడింది లేదు. బడిలో హాజరు పలికేటప్పుడు కూడా పక్కపిల్ల నా బదులు పలికేది.

అప్పటికి ఆయన కనబడకుండా పోయి తొమ్మిది రోజులు. పొగాకు కంపెనీ జీపు తోలేవాడు. ఆకు శాంపిళ్ళు ఇచ్చిన రైతులకు పంచాల్సిన డబ్బు సంచీ ఆ జీపులో ఉంది. సంచీ పోయింది, ఆయనా పోయాడు. జీపు మాత్రం రైల్వే గేటు దగ్గర నీడలో తాళం చెవులతో సహా దొరికింది. అద్దాలు శుభ్రంగా తుడిచి ఉన్నాయని ఎస్సై మస్తాన్‌వలి గారు మా నాన్నకు చెప్పారు. డబ్బెత్తుకుని పారిపోయేవాడు అద్దాలు తుడుస్తాడా అని అడిగారు. మా నాన్న, వాడు తుడుస్తాడు సార్ అన్నాడు.

చిన్నాయన ఎక్కడున్నాడో చెప్పడానికి కంపెనీ వాళ్ళ దగ్గర ఒక పెట్టె ఉంది. ఆ పెట్టెకు ముక్కు మా అక్క సువర్ణ.

మా దిబ్బలపాలెంలో అందరిదీ పొగాకు పనే. బ్యారన్ కొట్టంలో పొయ్యి వేడికి కాలిన ఆకును ఆడవాళ్ళు కూర్చుని రంగును బట్టి, వాసనను బట్టి వేరు చేస్తారు. నన్నూ అక్కనూ చిన్నప్పుడు చిన్నాయన కళ్ళకు తువ్వాలు కట్టి కూర్చోబెట్టేవాడు. ఒక్కో ఆకు ముక్కు కింద పెట్టి, ఇది ఎర్రనేలదా నల్లరేగడిదా, మొదటి కోతా రెండో కోతా అని అడిగేవాడు. అక్క టక్కున చెప్పేది. పదిలో ఎనిమిది ఒప్పు. నాకు పదికి పదీ తెలిసేవి. కానీ నా నోరు పెగిలేలోపు అక్క జవాబు అయిపోయేది. చిన్నాయన అక్క తల నిమిరి, నా బంగారు ముక్కు అనేవాడు.

రెండేళ్ళ కిందట కంపెనీ వాళ్ళు ట్రంకు రోడ్డు పక్కన ల్యాబు కట్టారు. డాక్టర్ నళిని అని ఒకావిడ వచ్చి, వాసన బాగా తెలిసే ఆడపిల్ల కావాలి, జీతం ఇస్తాం అన్నారు. పరీక్షకు ఊళ్ళో ఆడపిల్లలందరం వరసలో నిలబడ్డాం. నేను అక్క వెనకే ఉన్నాను. ఆ రోజు మాట్లాడాలని రాత్రంతా అద్దం ముందు నోరు తిప్పుకుని వచ్చాను. అప్పటికే మేడం జీపు తోలుతున్న చిన్నాయన వరస వెంబడి వచ్చి, నా చెయ్యి పట్టి పక్కకు లాగాడు. గేదెకు కుడితి పెట్టలేదంట, ఇంటికి పో అన్నాడు. అక్కను మాత్రం ముందుకు తోశాడు.

ఇంటికి వచ్చి చూస్తే గేదె కుడితి తాగి పడుకుని ఉంది.

అక్కకు ఉద్యోగం వచ్చింది. తెల్లకోటు ఇచ్చారు. దాని జేబు మీద ఎర్రదారంతో సువర్ణ అని కుట్టి ఉండేది. ఆదివారం ఆ కోటు ఉతికి ఆరేసే పని నాది. ఆ ఎర్రదారం మీద సబ్బు ఎక్కువ రుద్దేదాన్ని. వెలిసిపోవాలని. అది వెలవలేదు.

ఒకసారి క్యారియర్ ఇవ్వడానికి ల్యాబుకు వెళ్ళాను. అక్క కుర్చీలో వెనక్కి వాలి ఉంది. ముక్కు మీద రబ్బరు ముసుగు, దాన్నుంచి సన్నటి తీగలు పక్కనున్న పెట్టెలోకి పోతున్నాయి. నళిని గారు ఒక సీసా మూత తీసి ముసుగు కింద పెట్టారు. అక్క కళ్ళు మూసుకుని, రెండో కోత, ఎర్రనేల, వాన తగిలిన ఆకు అంది. పెట్టెలో గాజు పలక మీద ఒక చుక్క వెలిగి అలాగే ఉండిపోయింది. తర్వాత ముసుగు తీసేసి, అదే సీసాను నేరుగా పెట్టె ముందు పెట్టారు. అక్క ప్రమేయం లేకుండానే ఆ చుక్క మళ్ళీ వెలిగింది. అక్కకు ఆ వాసన అందినప్పుడు నరంలో పుట్టే కదలికను పెట్టె ఎక్కువ చేసి లాక్కుని దాచుకుంటుందని మేడం నాకు ఓపిగ్గా చెప్పారు. మంచి మనిషే. నాకు బిస్కెట్టు ఇచ్చారు.

అక్క సరదాగా ఆ సీసా మళ్ళీ వాసన చూడబోయింది. చూసి, ఇంకోసారి చూసింది. మేడం నవ్వి, పెట్టెకు అందిందిగా, ఇక నీకెందుకమ్మా అన్నారు. అక్క కూడా నవ్వింది. నేను ఆ నవ్వు పట్టించుకోలేదు. గాజు పలక మీద వందల చుక్కలు ఉన్నాయి. అవన్నీ నావి కావలసినవి అనుకుంటూ వాటినే చూస్తున్నాను.

మొదట తెలుసుకున్నది నేనే. దీపావళి దాటాక ఒకరోజు పొయ్యి మీద పప్పు మాడిపోతుంటే అక్క పక్కనే కూర్చుని తల దువ్వుకుంటోంది. ఇంకోరోజు విరిగిన పాలతో టీ కాచి తాగింది. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, అలసిపోయి ఉంటుంది అనుకున్నారు. నాకు అనుమానం వచ్చి ఒక పొద్దున ఆమె తువ్వాలు మీద కిరోసిన్ చల్లాను. అక్క దానితో మొహం తుడుచుకుని, పౌడరు రాసుకుని, కోటు మడతపెట్టి చేతిమీద వేసుకుని బస్సెక్కింది.

ఆ రోజంతా నాకు ఆకలి వెయ్యలేదు. భయంతో కాదు, సంతోషంతో.

సంతోషం ఒక్కదాన్నే దాచుకోవడం చేతకాలేదు. చిన్నాయన మా వాకిట్లో జీపు కడుగుతున్నాడు. నేను బకెట్టు అందిస్తూ, వినీ వినబడనట్టు చెప్పాను.

"చిన్నాయనా, నీ బంగారు ముక్కుకు కిరోసిన్ వాసన కూడా తెలవట్లా."

ఆయన చెయ్యి ఆగింది. ఎప్పట్నుంచి అని అడిగాడు. దీపావళి నుంచి అన్నాను. ఆయన గుడ్డ పిండి, జీపు మీద ఆరేసి, మిగతా సగం కడగకుండానే వెళ్ళిపోయాడు. ఆయన పని సగంలో వదిలెయ్యడం నేను అదే మొదలు చూడటం. అక్క గురించి చెబితే నావైపు చూస్తాడనుకున్నాను. చూడనైనా చూడలేదు.

తర్వాత నాలుగో రోజు డబ్బు సంచీ పోయింది.

పోలీసులు బస్టాండులో, రైల్వే స్టేషన్లో కాపలా పెట్టారు. బంధువుల ఇళ్ళు వెతికారు. మా నాన్నను రెండుసార్లు స్టేషనుకు పిలిచారు. రెండోసారి తిరిగొచ్చినప్పుడు నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వచ్చాడు, ఏమైందని మేం అడగలేదు. మాలకొండయ్య దొరికితే ఏడేళ్ళకు తక్కువ పడదని ఎస్సై గారు చెప్పారట. అమ్మ ప్రతి పూటా ఆయన కంచం తీసి, తుడిచి, మళ్ళీ బోర్లించేది.

తొమ్మిదో రోజు పొద్దున్నే నళిని గారు పెట్టెను తీసుకుని ఊళ్ళోకి వచ్చారు. హైదరాబాదు నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి కారులో కూర్చున్నారు. ఆకును గుర్తుపట్టే పెట్టె మనిషిని కూడా గుర్తుపడుతుందని వాళ్ళకు చూపించాలి. చిన్నాయన విడిచిన చొక్కా తీసుకుని అక్కకు ముసుగు పెట్టారు. అక్క వాసన చూస్తే పెట్టె నేర్చుకుంటుంది, తర్వాత గాలిలో ఆ వాసన ఎటు ఉంటే పెట్టె మీది ముల్లు అటు తిరుగుతుంది.

అక్క పెట్టెను భుజానికి తగిలించుకుని వీధుల్లో నడిచింది. వెనక ఎస్సై గారు, కానిస్టేబుళ్ళు, వాళ్ళ వెనక ఊరు. ముల్లు మొదట మా దండెం మీద ఆరుతున్న నాన్న లుంగీ చూపించింది. తర్వాత టీ కొట్టు బెంచీ చూపించింది. తర్వాత ఒక ఎద్దును చూపించింది. టీ కొట్టు కాశమ్మ, ఆ పెట్టెకు కాస్త అల్లం టీ తాపండయ్యా, పడిశం పట్టినట్టుంది అంది. ఊరంతా నవ్వింది. కారులో పెద్దమనుషులు కూడా నవ్వారు.

నళిని గారు నవ్వలేదు. అక్కను మా ఇంటి పక్క సందులోకి తీసుకెళ్ళి, అసలు వాసన చూస్తున్నావా, ఊరికే తలూపుతున్నావా అని అడిగారు. చూస్తున్నా మేడం అంది అక్క. ఆవిడ రెండు చొక్కాలు ముందు పెట్టి, వీటిలో మీ చిన్నాయనది ఏదో ముట్టుకోకుండా చెప్పు అన్నారు. అక్క చాలాసేపు వంగి ఉంది. కానిస్టేబులు చొక్కా చూపించింది.

మేడం సందులో ఆపిన జీపు మెట్టు మీద కూర్చుండిపోయారు. నరం అలసిపోయిందనుకున్నాను గానీ ఇంతగా అనుకోలేదని తనలో తను అన్నారు. అక్క మెడ దాకా ఎర్రబడి నిలబడి ఉంది. గోడ మీదుగా చూస్తూ ఇవతల నేను ఉన్నాను. జాలి పడాల్సింది. నా ఒంట్లో మాత్రం వేడి పాలు తాగినట్టు ఏదో దిగింది.

మళ్ళీ బయలుదేరారు. ఈసారి ఎవరికీ నమ్మకం లేదు. ఊరి చివర అంకయ్య గారి కొట్టం ఉంది. ఆయన బ్యారన్ మీద నుంచి పడి కాలు విరిగి, మూడు వారాలుగా ఒంగోలు ఆసుపత్రిలో ఉన్నాడు. కొట్టానికి తాళం, తాళం చెవి ఆయన దగ్గరే. లోపల ఈ ఏటి ఆకంతా మండె వేసి ఉంది. కాల్చిన ఆకును గుట్టగా పేర్చడమే మండె వెయ్యడం. దాన్ని పది రోజులకోసారి పై ఆకు కిందికి, కింది ఆకు పైకి తిరగెయ్యాలి. లేకపోతే లోపల సెగ పుట్టి ఆకు నల్లబడి కుళ్ళుతుంది. తాళం పగలగొట్టి తిరగేద్దామని ఊళ్ళో అనుకుంటూనే ఉన్నారు గానీ, పోలీసుల గొడవలో ఎవరూ వెళ్ళలేదు. అంకయ్య పని అయిపోయిందని జాలి పడుతున్నారు.

పెట్టె ఆ కొట్టం ముందు ముల్లు కదపకుండా నిలబడిపోయింది. అక్కడ ఆకు వాసన తప్ప దానికి ఇంకేం అందదని నళిని గారు ఎస్సై గారికి చెప్పారు. దాని కడుపు నిండా ఆకే కదా. వాళ్ళు ముందుకు సాగిపోతున్నారు.

నాకు గాలి తగిలింది.

మూడు వారాలు ముట్టుకోని మండె దగ్గర పులిసిన వాసన రావాలి, కళ్ళు మండాలి. అక్కడ కొత్తగా గాలి తగిలిన ఆకు వాసన వస్తోంది. ఎండుగడ్డి మీద బెల్లప్పాకం చిలకరించినట్టు. నిన్ననో మొన్ననో ఎవరో దాన్ని విప్పి, ఆరబెట్టి, మళ్ళీ పేర్చారు. చివరలన్నీ లోపలికి ఉండేట్టు ఒద్దికగా పేర్చి ఉంటారు. అలా పేర్చేవాళ్ళు మా ఊళ్ళో ఎవరో నాకు తెలుసు.

నోరు మూసుకుంటే అయిపోయేది. వాళ్ళు దాటిపోయారు కూడా. నళిని గారి చెయ్యి అక్క భుజం మీద ఉంది, పోనీలే అన్నట్టు. ఓడిపోయాక కూడా ఆ చెయ్యి దాని భుజం మీదే ఉంది.

"సార్, లోపల మండె తిరగేశారు" అన్నాను.

ఎస్సై గారికి అర్థం కాలేదు. పట్నం మనిషి, పొగాకు పని తెలియదు. కానీ ఊళ్ళో వాళ్ళందరికీ అర్థమైంది. నవ్వులు ఆగిపోయాయి. మా నాన్న నన్ను చూశాడు. ఆ చూపు గురించి రాయలేను.

కొట్టం వెనక తాటాకు తడిక ఉంది. కానిస్టేబుళ్ళు అటు వెళ్ళేలోపే అది తెరుచుకుంది. చిన్నాయన తల నిండా ఆకు నలుసులతో బయటికి వచ్చి, సంచీ కింద పెట్టి, రెండు చేతులూ ముందుకు చాపాడు. గడ్డం పెరిగింది. జేబులోంచి అటుకుల పొట్లం బయటికి వేలాడుతోంది. ఎస్సై గారు సంచీ విప్పి చూశారు. అందులో మద్రాసు నరాల డాక్టరు ఒకాయన అడ్రసు రాసిన చీటీ పైన ఉంది, కింద డబ్బు కట్టలు విప్పకుండా ఉన్నాయి. ఎక్కడికీ పోకుండా ఇక్కడే ఎందుకున్నావని అడిగారు. స్టేషన్లో కాపలా తీసేస్తే సువర్ణను తీసుకుని మద్రాసు పోదామని కూర్చున్నాను, ఆకు మధ్యలో ఉంటే పెట్టెకు దొరకనని తెలుసు అన్నాడు. మరి దొరికావుగా అన్నారు ఎస్సై గారు.

"తొమ్మిది రోజులు దాని పక్కన పడుకున్నా సార్. చెయ్యి పెడితే కాలతా ఉంది. అంకయ్య ఏడాది కష్టం. చూస్తా ఎట్టా కూర్చుంటా?"

చేతులకు బేడీలు వేసి జీపు దాకా నడిపించారు. నేను పక్కకు తప్పుకోలేదు. ఆయన నా దగ్గర ఆగాడు. తిడతాడనుకున్నాను.

"నువ్వే చెప్పుంటావని అనుకున్నాలే శేషూ. ఆ గాలికి ఇంకెవరు పట్టగలరు?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నీ ముక్కు సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. అక్క ముక్కు కంటే మేలైంది. అందుకే ఆ పొద్దు నిన్ను గేదె దగ్గరికి తరిమా. మీకంటే ముందు ఒకాయన పెట్టుకున్నాడు ఆ ముసుగు, చీరాల ఆయన. మేడం రొంప అన్నారు. నేను ఆయన్ని ఇంటి దగ్గర దించి వచ్చినోణ్ణి, నాకు రొంప అనిపించలా. ఇంట్లో జీతం కావాల. ఇద్దర్లో ఒకళ్ళు పోవాల. మేలైన ముక్కును దాచుకున్నా."

నా వెనక అక్క ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. చిన్నాయన ఆమెను చూసి ఆగిపోయాడు. ఆయన తల దించుకోవడం కూడా నేను అదే మొదలు చూడటం. అక్క కోటు విప్పి మడత పెట్టడం మొదలుపెట్టింది, గుండీ గుండీకి ఆగుతూ.

నళిని గారు నా దగ్గరికి వచ్చారు. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. గోడ అవతల, ముప్పై గజాల దూరం నుంచి ఎలా చెప్పగలిగావమ్మా, నీ పేరేంటి అన్నారు. ముసుగులో కరెంటు తగ్గించాను, ఇక ఎవరికీ ఏమీ కాదు, సోమవారం నుంచి రా, అక్క జీతానికి రెట్టింపు ఇస్తాం అన్నారు. హైదరాబాదు పెద్దమనుషులు కారు దిగి నన్నే చూస్తున్నారు. అమ్మ నేల చూస్తోంది. వద్దని మాత్రం అనలేదు.

నేను సరే అనబోయాను. నిజం చెబుతున్నాను. చిన్నాయన చెప్పిందంతా విన్నాక కూడా, జేబు మీద నా పేరు ఎర్రదారంతో ఎలా ఉంటుందోనని ఒక్క క్షణం చూసుకున్నాను. శేషారత్నం పెద్ద పేరు, జేబు సరిపోదేమో అని కూడా అనుకున్నాను.

"దానికి వాసనా లేదు, ఏమీ లేదు మేడం" అంది అక్క. "చిన్నాయన అందులో ఉన్నాడని దానికి నేనే చెప్పా. అన్నం మోసింది కూడా నేనే."

ఎస్సై గారు ఇటు తిరిగారు. మరి పొద్దుట్నుంచి మమ్మల్ని ఎద్దుల చుట్టూ ఎందుకు తిప్పావని అడిగారు.

"అందుకే తిప్పా" అంది.

అబద్ధం. ఆ తొమ్మిది రోజులూ రాత్రి నా పక్క చాప మీదే పడుకుంది, పగలు ల్యాబులో ఉంది. చిన్నాయన తిన్నది అన్నం కాదు, అటుకులు. చిన్నాయన నోరు తెరవబోతే అక్క ఆయన వైపు చూసింది. ఆయన మళ్ళీ మూసుకున్నాడు. ఎస్సై గారు పుస్తకం తీసి రాసుకున్నారు. దొంగకు తిండి పెట్టి దాచినందుకు ఆమె కూడా స్టేషనుకు రావాలి అన్నారు.

నళిని గారు మాత్రం నన్ను వదల్లేదు. నా గడ్డం పట్టుకుని పైకెత్తి, మీ అక్క చెప్పింది నిజమేనా అని అడిగారు.

కాదని ఒక్క మాట అంటే అక్క ఇంట్లో ఉండేది. నేను సోమవారం ఆ కుర్చీలో ఉండేదాన్ని. అందరూ నా నోరే చూస్తున్నారు. అక్క కూడా చూస్తోంది, కనుబొమలు కొద్దిగా ముడిచి. చిన్నప్పుడు నేను పాఠం మర్చిపోతే ఎదురుగా కూర్చుని పెదవులు కదిపేది. ఇప్పుడు కదపలేదు.

నేను అవునని తల ఊపాను. అక్కకోసం ఊపానో, నాకోసం ఊపానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మేడం చెయ్యి నా గడ్డం వదిలేసింది. మళ్ళీ నా పేరు అడగలేదు. పెట్టె మూత వేసుకుని కారెక్కారు.

అక్క మడత పెట్టిన కోటు అమ్మ చేతికిచ్చి జీపు వెనక ఎక్కింది. ఎదురు బల్ల ఖాళీగానే ఉంది గానీ చిన్నాయన పక్కనే కూర్చుంది. ఆయన జుట్టులోంచి ఆకు నలుసులు ఒక్కొక్కటీ ఏరి బయట పారేస్తోంది. ఆయన బేడీల చేతులతో మొహం కప్పుకుని ఏడుస్తున్నాడు. మా నాన్న ఏడవగా చూశాను గానీ చిన్నాయన ఏడవగా ఎప్పుడూ చూడలేదు. అక్క ఏడవలేదు. ఆయన్ని తన భుజానికి ఆనించుకుంది.

జీపు కదిలింది. దుమ్ము లేచి నా కళ్ళలో పడింది. దుమ్ములోంచి కూడా ఆయన ఒంటి ఆకు వాసన, అక్క పౌడరు వాసన వేటికవి విడిగా నాకు అందుతూనే ఉన్నాయి.

నేను చేసినదంతా తెలిసి, నాకోసం వాళ్ళిద్దరూ ఏం వదులుకున్నారో తెలిసి, అక్కడ నిలబడి నేను అనుకున్నది ఒక్కటే. ఆయన పక్కన చోటు మళ్ళీ అక్కకే దొరికింది.